మాపటి కల్లు

మూత తీసిన క్షణమే బీరుకు శిఖరం. చల్లదనం, నురగ, ముక్కుకు తగిలే చేదు వాసన మూడూ అప్పుడే ఉంటాయి. అక్కడి నుంచి గ్లాసు అడుగు దాకా దిగుడే. వైన్‌కు ఓపిక ఎక్కువ. గాలి తగిలాక కాసేపు విచ్చుకుంటుంది, లోపల ముడుచుకున్న వాసనలు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. పని ముగించుకుని ఇంటికొచ్చాక ఆ రెండింటినీ ఇష్టంగా తాగేవాణ్ని నేను. కానీ తెలంగాణ పల్లెలో మాపు గీతకు దించిన కల్లు లొట్టిని ఇంటి అరుగు మీద పెట్టుకుని కూర్చుంటే కలిగే ఆనందం వాటిలో నాకు దొరకలేదు. అవి ఎక్కడో తయారై మన గడపలోకి వస్తాయి. కల్లు మాత్రం గడప దాటాక కూడా తయారవుతూనే ఉంటుంది.

గౌడన్న నడుముకు మోకు బిగించి తాటిచెట్టు ఎక్కుతాడు. గీతకత్తితో గెల కొసను రోజూ పల్చగా చెక్కుతాడు. చెక్కిన చోట నుంచి చుక్కచుక్కగా దిగే నీటిలో నూటికి 10 నుంచి 15 పాళ్లు చక్కెర ఉంటుంది. లొట్టి గోడల్ని అంటిపెట్టుకుని నిన్నటి ఈస్టు ఉంటుంది, గాలిలోది వచ్చి చేరుతుంది. అందుకే చెట్టు మీద ఉండగానే పులవడం మొదలవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ పులుపు ఆగిపోతుంది, అప్పుడది నీరా. రాత్రి చల్లగాలికి నిండిన పొద్దుటి కల్లు తియ్యగా ఉంటుంది. మాపటి లొట్టి పగలంతా ఎండలో నిండుతుంది గనక దించేసరికే అందులో పులుపు తలెత్తి ఉంటుంది. చాలామంది పొద్దుటి కల్లునే మెచ్చుకుంటారు. నేను మాపటి కల్లు వైపు. తీపి ఒక్కటే ఉన్నచోట నాలుకకు వెతుక్కోవడానికేమీ ఉండదు.

వడగట్టి మొదటి గ్లాసు పోసినప్పుడు రంగు చూడాలి. పాలంత తెలుపు కాదు, బియ్యం కడుగునీళ్లలాంటి మసక తెలుపు. దాని వెనుక వేలు పెడితే వేలి నీడ మాత్రమే కనిపిస్తుంది. ఆ మసక ఈస్టుదీ బ్యాక్టీరియాదీ. అంచున నురగ సన్నగా ఉంటుంది. బీరు నురగలా గడ్డకట్టదు, పుట్టిన చోటే చిట్లిపోతుంటుంది. చెవి దగ్గర పెట్టుకుంటే చిటచిట వినిపిస్తుంది. ముందు పచ్చి తాటిముంజ వాసన, దాని వెనక పులిసిన పిండి వాసన. గుక్క లోపలికి వెళ్లగానే తీపి ముందు నడుస్తుంది. మింగిన తర్వాత గొంతు దగ్గర పులుపు ఒక్క తళుకు తళుక్కుమని మాయమవుతుంది.

దీపాలు పెట్టేవేళకు అదే లొట్టిలోంచి పోసిన గ్లాసు వేరు. చక్కెర తరిగింది, ఆల్కహాల్ పెరిగింది, గ్యాసు నిండింది. ఇప్పుడు పులుపు ముందు నడుస్తుంది, తీపి దాని వెనక దాక్కుంటుంది. నాలుక అంచుల మీద ముళ్లు గుచ్చినట్టు సన్నటి కరకర. గుక్కకూ గుక్కకూ మధ్య నోట్లో లాలాజలం దానంతట అదే ఊరుతుంది. తీపి, పులుపు, బుడగల పొగరు, ఎక్కడో అడుగున ఒక చిరువగరు, ఈ నాలుగూ ఒకదాన్నొకటి తోసుకోకుండా సరితూగి ఉండే సమయం చాలా కొద్దిసేపు. అరగంట ఉంటుందేమో. మండే ఎండల కాలంలో అంత కూడా ఉండదు. కల్లు అందమంతా నాకు ఆ కొద్దిసేపట్లోనే ఉంది. దాన్ని ఎవరూ పట్టి నిలపలేరు. అది జరుగుతున్నప్పుడు మెలకువతో కూర్చున్నవాడికే దక్కుతుంది.

రసం ఎలా పుడుతుందో చెప్పడానికి భరతుడు నాట్యశాస్త్రంలో రుచినే ఉదాహరణగా తీసుకున్నాడు. వ్యంజనాలు, ఓషధులు, ద్రవ్యాలు కలిస్తే రుచి పుట్టినట్టే భావాలు కలిస్తే రసం పుడుతుందన్నాడు. తర్వాతి ఆలంకారికులు పానకాన్ని చూపించారు. అందులో బెల్లం, మిరియం విడివిడిగా దొరకవు, కలిసిన కొత్త రుచే దొరుకుతుంది. ఆ పోలిక నాకు ఎంతో ఇష్టం. అయితే పానకం కలిపిన తర్వాత అలాగే ఉండిపోతుంది. సంచారిభావాలు ఎలా వచ్చి ఎలా తొలగిపోతాయో నాలుకతో తెలుసుకోవాలంటే కల్లు దగ్గరికే రావాలి. మొదట సంచారిగా తొంగిచూసిన పులుపు గంట గడిచేసరికి స్థాయిగా కుదురుకోవడం నేను మరే పానీయంలోనూ ఇంత స్పష్టంగా చూడలేదు.

మండువలో, చెట్టు కింద, తాటి రేకలో తాగడం మరో వైభవం. రేకను రెండు చేతులా పట్టుకుని నోటి దగ్గర ఆనించుకోవాలి, లొట్టి ఎత్తి ఇంకొకరు పోయాలి. రెండు చేతులకూ పని ఉంటుంది కాబట్టి తనకు తాను పోసుకోవడం కుదరదు. పోసేవాడు తాగేవాడి గొంతు కదలిక చూసి ధార సన్నం చేస్తాడు, లావు చేస్తాడు. ఆకు పసరు కల్లులో కలిసి పచ్చటి వాసన వేస్తుంది. ఇంట్లో తాగేటప్పుడు నేను గాజు గ్లాసే పట్టుకుంటాను, రంగు మారడం కనిపించాలి గనక. అయినా పోసే పని మాత్రం పక్కవాళ్లకే అప్పగిస్తాను. ఇంటి పెద్దలు తాగబోయే ముందు నాలుగు చుక్కలు నేల మీద వదులుతారు. బోనాలప్పుడు అమ్మవారికి కల్లు సాక కూడా పోస్తారు. దేవతకు ఇచ్చేదే మనమూ తాగుతున్నామనే భావం ఆ నాలుగు చుక్కల్లో ఉంది.

పక్కన గుడాలు చాలు, ఉప్పూకారం చల్లిన ఉడికిన శనగలు. ఎండుచేప వేయిస్తే ఇంకా మంచిది. తీపి ఏదీ పెట్టకూడదు.

చలికాలంలో ఈతకల్లు వస్తుంది. దాన్ని గెల నుంచి కాదు, చెట్టు మొవ్వు దగ్గర మాను చెక్కి తీస్తారు. తాటికల్లు కంటే పల్చన, నెమ్మది, వాసన ఇంకా సున్నితం. ఎక్కువ మాట్లాడుకునే సాయంత్రాలకు ఈతకల్లే తగినది.

రాత్రి భోజనాల వేళకు లొట్టి అడుగున మడ్డి మిగులుతుంది. తీపి పూర్తిగా పోయి, పులుపు కటువెక్కి, వెనిగర్ దారి పట్టిన వాసన. కొందరికి ఆ ఘాటే ఇష్టం. నాకు అక్కడితో కచేరీ ముగిసింది.

డయాజెపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్లను కల్లు పేరుతో అమ్మడం ప్రాణాలు తీసే నేరం. ఆ విషం రుచిని కూడా చంపుతుంది. చెట్టు కల్లు గంటగంటకూ మారాలి. సాయంత్రం ఎలా ఉందో రాత్రికీ అలాగే ఉన్న దాన్ని నోట పెట్టుకోకండి.

మీ ఊళ్లో తాడెక్కే గౌడన్న తెలిసినవాడైతే పొద్దున్నే చెప్పిపెట్టుకోండి. ఆయన దించిన లొట్టిని ఫ్రిజ్‌లో పెట్టకండి, సీసాలో పోసి మూత బిగించకండి. మీకు నచ్చిన మనిషిని పిలిచి, పొద్దుగూకే ముందు మొదలుపెట్టి, తొందరపడకుండా తాగండి. మిగిలితే దాచుకోవద్దు, మర్నాటికి అది తాగడానికి పనికిరాదు.