అయిందా, చేయించుకున్నావా?

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడికి ఊరికే వెళ్ళేవాళ్ళు తక్కువ. సంబంధం కుదరాలని వెళ్తారు, పిల్లలు పుట్టాలని వెళ్తారు, పుట్టాక చెవులు కుట్టించడానికి వెళ్తారు. పాము చుట్టల మీద లింగరూపంలో ఉంటాడు స్వామి. పానవట్టం కింద ఉన్న రంధ్రంలో పాలు పోస్తారు. మా దివిసీమ వైపు పెళ్ళయి రెండేళ్ళు దాటినా నెల తప్పకపోతే, డాక్టరు పేరు కంటే ముందు ఎవరో ఒకరు మోపిదేవి పేరు ఎత్తుతారు.

మూడేళ్ళ కిందట మా చిన్నత్త మనవడికి చెవులు కుట్టిస్తుంటే నేనూ వెళ్ళాను. మండపంలో దూరపు చుట్టం ఒకావిడ, నాకు పిన్ని వరస, పక్కన కూచోబెట్టుకుని అడిగింది: "ఏమ్మా, పెళ్ళై నాలుగేళ్ళయిందిగా. మధ్యలో ఏమన్నా అయిందా?"

"ఒకసారి అబార్షన్ అయింది పిన్నీ" అన్నాను.

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పోన్లే తల్లీ, బెంగెట్టుకోకు. స్వామి మళ్ళీ ఇస్తాడు" అంది. సంచీలోంచి కొబ్బరిచెక్క తీసి నా చేతిలో పెట్టింది.

నాకు అబార్షన్ అవలేదు. నేను చేయించుకున్నాను. పెళ్ళయిన రెండో ఏడు, కొత్త ఉద్యోగంలో చేరి మూడు నెలలు కూడా కాలేదు. వద్దనుకున్నాను, మా ఆయనా సరే అన్నాడు. ఘోరమేమీ జరగలేదు. కానీ పిన్ని ముందు క్రియాపదం మార్చేశాను. నేను చేసిన పని దానంతటది జరిగిన సంగతి అయిపోయింది.

అరగంట తర్వాత అదే పిన్ని ఇంకెవరి గురించో మా అత్తతో అంటోంది: "అది తీయించుకుందిగా అప్పట్లో. ఇప్పుడు కావాలంటే స్వామి ఎక్కణ్ణించి తెస్తాడు?" నా చేతిలో కొబ్బరిచెక్క అలాగే ఉంది.

సరిగ్గా చేసిన అబార్షన్ వల్ల తర్వాత పిల్లలు పుట్టకుండా పోరని డాక్టర్లు చెబుతారు. నేను రాయాలనుకుంటున్నది వైద్యం గురించి కాదు, మాట గురించి. ఇంగ్లీషులో కడుపు పోవడానికీ తీయించుకోవడానికీ రెండు వేరు వేరు నామవాచకాలున్నాయి. మన వాడుకలో రెండూ అబార్షనే. తేడా అంతా క్రియలో ఉంది. 'అయింది' అంటే ఓదార్పు. 'చేయించుకుంది' అంటే ఆరా. ఈ రెంటి మధ్యలో 'చేయించారు' అని ఇంకోటుంది. అంటే అత్తగారో, మొగుడో, కన్నవాళ్ళో పక్కనుండి తీసుకెళ్ళారని. మన సాహిత్యం ఈ మూడు క్రియల్లో దేన్ని ఎంచుకుంటూ వచ్చిందో చూస్తే, నేను ఆ రోజు మండపంలో ఎందుకలా మాట్లాడానో కొంత అర్థమవుతుంది.

పాత మాట 'భ్రూణహత్య'తో మొదలుపెడదాం. ఈ మాట వినగానే కడుపు తీయించుకున్న ఆడమనిషే గుర్తొస్తుంది కదా. స్మృతుల్లో దీని పరిధి చాలా పెద్దది. ఈడొచ్చే లోపల కూతురికి పెళ్ళి చెయ్యని తండ్రికి, ఆమె ముట్టయిన ప్రతిసారీ భ్రూణహత్యా దోషం వస్తుందంటుంది యాజ్ఞవల్క్యస్మృతి. ఋతుస్నానం చేసిన భార్య దగ్గరకి వెళ్ళని భర్తకీ అదే పాపమంటుంది పరాశరస్మృతి. అంటే అక్కడ లేని కడుపుకి కూడా లెక్క ఉంది. ఆ లెక్క అడిగేది మగవాడిని, అతను సంతానాన్ని వృథా పోనిచ్చాడు కాబట్టి. ఆడదాని ఇష్టాయిష్టాల ఊసు అందులో ఎక్కడా లేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో సంస్కర్తలు ఇదే మాటని తిప్పి వాడారు. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్, తర్వాత మన వీరేశలింగం చేసిన వాదంలో ఇదొక ముఖ్యమైన అంశం: చిన్నప్పుడే విధవలైన పిల్లలకి మళ్ళీ పెళ్ళి చెయ్యకపోతే చాటుమాటు కడుపులు వస్తాయి, భ్రూణహత్యలు, శిశుహత్యలు జరుగుతాయి, ఆ పాపం సంఘానిదే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిగిన మొదటి వితంతు వివాహం వెనక ఉన్న బలాల్లో ఈ వాదం ఒకటి. ఎంత మేలు చేసిన వాదమో నాకు తెలుసు. దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ అందులో అబార్షన్ ఒక సాక్ష్యంగా మాత్రమే పనికొచ్చింది. ఆ విధవ నోరు విప్పి ఏమంటుందో వినాల్సిన అవసరం ఆ వాదానికి రాలేదు.

ఇక చలం. 'మైదానం' (1927) రాజేశ్వరి ఇల్లు వదిలింది, మొగుణ్ణి వదిలింది, కులం వదిలింది. తెలుగులో అంత తెగింపు ఉన్న ఆడమనిషి అంతకుముందు లేదంటాం. కానీ కడుపు వచ్చేసరికి చూడండి, బిడ్డ వద్దు అనే మాట మొదట వచ్చేది అమీర్ నుంచి. స్వేచ్ఛ కోసం అంత దూరం పోయిన నవల్లో కూడా వద్దనే హక్కు ముందుగా మగవాడి చేతిలోనే ఉంది. రాజేశ్వరికి మిగిలింది దానికి ఒప్పుకోవడమో, ఎదురుతిరగడమో. కాలేజీలో చదివినప్పుడు నా కళ్ళకిది ఆనలేదు. అప్పుడు నేను రాజేశ్వరి ప్రేమనే చూశాను.

ఆడవాళ్ళు తమ నోటితో చెప్పడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది. పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్', కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' వచ్చిన రోజులవి. 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చే నాటికి, ఆడవాళ్ళు ఒళ్ళు గురించి కవిత్వం రాయడమేమిటని పెద్ద గొడవే నడిచింది. ఈ పద్యాల్ని ఇక్కడ ఎత్తి రాయను, దొరికినచోట చదువుకోండి. నేను పేర్ల దగ్గర ఆగుతాను. రెండూ ఇంగ్లీషు మాటలే. అది ఫ్యాషన్ కాదనుకుంటాను. 'భ్రూణహత్య'లో హత్య ఉంది. 'గర్భస్రావం'లో అయిపోవడం ఉంది. ఆస్పత్రి గోడల మీద కనిపించే 'అబార్షన్'కి మాత్రం మన దగ్గర ఇంకా పాపం అంటలేదు. ఆ కవులకి మడి లేని మాట కావాల్సి వచ్చింది, దాన్ని ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నారు.

నన్ను ఎక్కువగా ఆపేది మాత్రం 'స్టేట్‌మెంట్'. స్టేట్‌మెంట్ ఎక్కడ ఇస్తాం? పోలీసు స్టేషన్లో, కోర్టులో. బాధితురాలూ ఇస్తుంది, ముద్దాయీ ఇస్తుంది. అంటే అవతల వినడానికి ఎవరో కూర్చుని ఉన్నారు, తీర్పు వాళ్ళది. ఆ పేరుకి ఉన్న బలం అదే. అప్పటిదాకా ఇతరుల వాదంలో సాక్ష్యంగా మిగిలిన మనిషి తనే బోనెక్కి మాట్లాడింది. కానీ ముప్పై ఏళ్ళ తర్వాత కూడా మనం బోను దిగలేదు. నేను చదివినంతలో మన కథల్లో అబార్షన్ చేయించుకున్న అమ్మాయి ఎవడో మోసం చేసినదై ఉంటుంది, లేదా ఎవరో బలవంతం చేసినదై ఉంటుంది. కథ చివర ఏడవాలి, లేదా చచ్చిపోవాలి. చేయించుకుని, రెండ్రోజులు పడుకుని, సోమవారం బస్సెక్కి ఆఫీసుకి పోయిన మనిషి కనపడదు. ఇద్దరు పిల్లలున్నారు, మూడోది వద్దు అనుకున్న పక్కింటి వదిన కనపడదు. లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2015లో మన దేశంలో దాదాపు 1.56 కోట్ల అబార్షన్లు జరిగాయి. వాటిలో నాలుగింట మూడొంతులు ఆస్పత్రి బయట, మాత్రలతో. "డేట్ రావట్లేదు, టాబ్లెట్ ఇవ్వండి" అని మెడికల్ షాపులో గొంతు తగ్గించి అడిగే వాళ్ళు వీళ్ళే. ఇంతమంది కథల్లోకి రాకపోవడం యాదృచ్ఛికం అనుకోలేను.

దీనికి ఒక జవాబుంది, అది గట్టిదే. మన దగ్గర 'చేయించుకుంది' అన్న చాలా చోట్ల నిజానికి జరిగింది 'చేయించారు'. స్కానింగులో ఆడపిల్ల అని తెలుసుకుని కోడల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళిన ఇళ్ళు తక్కువేం కాదు. 1994లో లింగనిర్ధారణని నిషేధిస్తూ చట్టం వచ్చింది అందుకే. రచయిత్రులు ఆ స్త్రీని బాధితురాలిగా చూపించడంలో తప్పులేదు. కాకపోతే ఆ ప్రచారంలో వాడిన మాట మళ్ళీ 'భ్రూణహత్య'నే. చట్టం నేరమన్నది పుట్టబోయేది ఆడో మగో చూడటాన్ని. గోడల మీద నినాదాలు చదివినవాళ్ళకి మాత్రం అబార్షనే హత్య అని మనసులో పడింది. కూతుళ్ళని కాపాడటానికి తెచ్చిన మాట కూతుళ్ళ మీదకే తిరిగింది. 'చేయించారు'ని ఎదిరించే ఆవేశంలో 'చేయించుకుంది'కి చోటు లేకుండా చేశాం.

చట్టం వాక్యనిర్మాణం కూడా ఇలాంటిదే. 1971 చట్టం ఇవ్వాళ్టికీ చెప్పేది, ఫలానా షరతుల్లో కడుపు తీసేసిన డాక్టరు నేరస్తుడు కాడని. వాక్యానికి కర్త డాక్టరు. 2021 సవరణలో 'భర్త' అన్నచోట 'భాగస్వామి' వచ్చింది. పెళ్ళికాని వాళ్ళకీ 24 వారాల దాకా వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పులో ఆమె పేరు 'ఎక్స్'. మేజరైన స్త్రీకి తన సంతకం ఒక్కటే చాలని మొదటినుంచీ చట్టంలో ఉంది. అయినా నేను వెళ్ళిన ఆస్పత్రిలో నర్సు ఫారం తిప్పి "సార్ సంతకం ఇక్కడ" అంది. చట్టం తెలిసిన నేను కూడా ఆ కాగితాన్ని ఆయనకే అందించాను.

ఆనీ ఎర్నో పుస్తకం ఈమధ్య మనవాళ్ళు బాగానే చదువుతున్నారు. 1964లో ఫ్రాన్సులో అబార్షన్ నేరంగా ఉన్నప్పుడు, చదువుకునే రోజుల్లో తను చేయించుకున్న అబార్షన్ గురించి 2000లో రాసింది. ముప్పై ఆరేళ్ళు పట్టింది. ఇంగ్లీషు అనువాదానికి పెట్టిన పేరు మన భాషలో 'అవడం'కి దగ్గరగా ఉంటుంది. లోపల మాత్రం ప్రతి వాక్యంలో పని చేసేది ఆమె. ఎక్కడికి వెళ్ళింది, ఎవరినడిగింది, డబ్బు ఎలా సర్దింది, అన్నీ ఆమె చేసిన పనులే. క్షమించమనడం లేదు, జెండా ఎత్తడమూ లేదు. తెలుగులో నాకు కావాల్సింది అలాంటి వాక్యం. పశ్చాత్తాపం ఉంటే ఉండనీ, బాధ ఉంటే ఉండనీ. నాకూ కొంత ఉంది. కానీ కర్తని మాయం చేసి కాదు.

ఆ పిన్ని మొన్న ఫోన్ చేసింది. నాగులచవితికి మోపిదేవి వస్తున్నావా అని. నా పేరు మీద పాలు పోయిస్తానని మొక్కుకుందట. ఆవిడ మొక్కు దొంగది కాదు, ఆ రోజు చెయ్యి పట్టుకున్న ప్రేమా దొంగది కాదు. కాకపోతే ఆ రెండూ నేను చెప్పని మనిషికి అందాయి. వస్తాను పిన్నీ అన్నాను. వెళ్తే అసలు సంగతి చెబుతానో లేదో నాకే తెలియదు. చెప్పాక ఆవిడ చెయ్యి తీసేస్తుందేమోనన్న భయం ఇంకా పోలేదు.

ఇక్కడ మాత్రం రాసేశాను, చేయించుకున్నానని. ఆవిడ ఈ పత్రిక చదవదని నాకు తెలుసు. అందుకే ఈ మాత్రం ధైర్యం.