శ్రోత వంతు

రికార్డుకు శ్రోతతో పనిలేదు. ఎవరూ లేని గదిలోనూ అది అలాగే మోగుతుంది. ఎదుట కూర్చుని పాడే పాట అలా కాదు. తలలు ఊగుతున్నాయో, ఆవులింతలు మొదలయ్యాయో గాయకుడు ఓరకంట చూసుకుంటూనే ఉంటాడు. దాన్నిబట్టి రాగాన్ని ఇంకో రెండు నిమిషాలు సాగదీస్తాడు, లేదా అక్కడికక్కడే తుంచేస్తాడు. శాస్త్రీయ కచేరీ అయినా, నృత్యమైనా, పద్యనాటకమైనా, జాతరలో ఆటైనా, సినిమా పాటల రాత్రైనా అందులో ఒక వంతు శ్రోతదే. అయితే ఆ వంతు అన్నిచోట్లా ఒకటి కాదు. కచేరీలో ఈల వేసేవాడూ, కోలాటం దగ్గర చేతులు కట్టుకుని కూర్చునేవాడూ మర్యాద తెలియక అలా చెయ్యరు. ఆ ఆటలో తన వంతేమిటో ఎవరూ చెప్పక చేస్తారు.

కర్ణాటక సంగీత కచేరీలో శ్రోత పని చాలావరకు చేతివేళ్లదే. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు: ఒక దెబ్బ, ఆ వెనక చిటికెన, ఉంగరపు, నడిమి వేళ్లమీద మూడు లెక్కలు, తర్వాత దెబ్బా తిప్పూ, మళ్లీ దెబ్బా తిప్పూ. తొడమీద దీన్ని వేసుకుంటూ ఒక్క కీర్తన విన్నా పల్లవిని ఏ అక్షరం మీద ఎత్తుకుంటున్నారో తెలిసిపోతుంది. చాలా కీర్తనలు మొదటి దెబ్బతోపాటు కాక కాస్త ఆగి మొదలవుతాయి. అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాల్లో గాయకుడు ఎంత దూరం తిరిగినా సరిగ్గా ఆ చోటికే వచ్చి పల్లవి మాట అందుకోవాలి. లెక్క వేసుకునే శ్రోతకు ఆ రాక ముందే తెలుస్తుంది. చుట్టం దిగే బస్సు కోసం స్టాండులో ఎదురుచూసినట్టుంటుంది. లెక్క లేనివాడికి మాత్రం స్వరాలు ఆగాయి, చప్పట్లు వచ్చాయి, అంతే.

వర్ణంతో మొదలై, కీర్తనలు నడిచి, మధ్యలో ఒక పెద్ద రాగం, దానికి నెరవల్, స్వరాలు, తని ఆవర్తనం, ఆ వెనక జావళి, తిల్లానా వంటి చిన్నవి, చివర మంగళం: ఇప్పటి కచేరీ వరస ఇది. దీన్ని స్థిరపరిచినవారిగా అరియకుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) పేరు చెబుతారు. వరస తెలిసినవాడికి ఎక్కడ ఒళ్లు విరుచుకోవచ్చో కూడా తెలుస్తుంది. ఆ చోటు తని ఆవర్తనం మాత్రం కాదు. మృదంగమూ ఘటమూ ఒకదానికొకటి బదులు చెప్పుకునే ఆ కాసేపట్లోనే హాల్లో సగంమంది కాఫీకి లేస్తారు. అప్పటిదాకా పాటకు ఒదిగి వాయించిన విద్వాంసుడికి తన వంతు వచ్చేసరికి కనిపించేవి వీపులు. వేళ్లమీద లెక్క ఉన్నవాడికి కచేరీ మొత్తంలో గట్టి విందు అదే. చివరి ముక్తాయింపులో ఒకే అల్లిక మూడుసార్లు వస్తుంది. మొదటిసారి విని, రెండోసారి పోల్చుకుని, మూడోసారి చేయి కలపవచ్చు. క్యాంటీన్ ఎక్కడికీ పోదు.

ఇందులో తెలుగువాడికి ఒక సౌకర్యం పుట్టుకతోనే ఉంది. త్యాగరాజు రాసిన వాటిలో ఎక్కువ భాగం తెలుగే. చెన్నై సభలో పక్క కుర్చీ మనిషి పుస్తకం తెరిచి అర్థం వెతుక్కునే మాట ఇతనికి ఇంట్లో అమ్మ వాడే మాట. నెరవల్‌లో ఒకే పాదాన్ని పదిరకాలుగా తిప్పుతుంటే, ఆ మాటలోని దెప్పుడో వేడుకోలో తెలిసినవాడికి అందేది వేరు. అయినా ఈ ఆస్తిని తెలుగు ఊళ్లు సరిగ్గా వాడుకోలేదు. విజయనగరంలో 1919లోనే సంగీత కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసు దాన్ని నడిపారు, ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. అంతటి నేపథ్యం ఉండి కూడా పెద్ద విద్వాంసులు చాలామంది శ్రోతలను వెతుక్కుంటూ మద్రాసు వెళ్లారు. ఇక్కడ విద్వాంసులకు కొదవ లేదు, లెక్క వేసుకుంటూ కూర్చునేవాళ్లకే కొదవ.

కచేరీ గడప దాటి శ్రోత గొంతు కూడా కలిపే రోజు ఏడాదికి ఒకటి వస్తుంది. పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులోనూ, త్యాగరాజ ఆరాధన జరిగే ప్రతి ఊళ్లోనూ ఆయన పంచరత్నాలు అందరూ కలిసి పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. రాగాలు అయిదైనా తాళం అన్నిటికీ ఆదితాళమే. కాబట్టి సాహిత్యం రానివాడు కూడా తాళంతోనైనా గంటసేపు ఆ గుంపులో ఒకడిగా ఉండగలడు.

నృత్యానికి వచ్చేసరికి పని కంటిది. చేయి వెళ్లినచోటికి చూపు వెళ్లాలని నర్తకికి మొదట్లోనే నేర్పుతారు. చూసేవాడికీ ఆ మాటే పనికొస్తుంది. అడుగులతో వేసే జతులు నడుస్తున్నప్పుడు పాదాలను, అభినయం నడుస్తున్నప్పుడు ముఖాన్ని చూడాలి. రెండూ ఒకేసారి చూడబోతే ఏదీ దక్కదు. మొదటి వరస పాస్ దొరికిందని సంబరపడేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు: వేదిక ఎత్తుగా ఉంటే ముందు కూర్చున్నవాళ్లకు కాళ్లే కనిపించవు. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుమీద నిలిచి జరిపే ఆట చూడాలంటే అయిదారు వరసలు వెనకే మంచిది. పళ్లెం నేలకు తగిలే చప్పుడు మృదంగం దెబ్బతో కలుస్తోందా లేదా అన్నది అక్కడ గమనించాల్సిన అసలు విషయం. పడిపోతారేమోనన్న భయంతో చూస్తే సర్కస్ చూసినట్టవుతుంది. భామాకలాపం సంగతి వేరు. అందులో పాత్రలు మాట్లాడతాయి, సత్యభామ ప్రవేశ దరువు అనే పాటతో వస్తుంది, చెలికత్తె మాధవి పక్కనుంచి మేలమాడుతుంది. ఆ మాటలకు నవ్వు రావలసినచోట నవ్వడం ప్రేక్షకుడి బాధ్యత. వేదాంతం సత్యనారాయణ శర్మ దశాబ్దాలపాటు కట్టిన సత్యభామ వేషానికి నవ్వీ నవ్వీ పేరు తెచ్చింది ఊళ్లలో తెల్లవార్లూ కూర్చున్న జనమే.

తెలుగు శ్రోత అసలు స్వరూపం చూడాలంటే పద్యనాటకానికి వెళ్లాలి. సగం సంగీతం, సగం నాటకం, పూర్తిగా జనం సొత్తు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో రాయబారం సీను రాగానే మాటలన్నీ ముందే తెలిసిన జనం ముందుకు జరుగుతారు. కథ ఏమవుతుందో చూద్దామని వచ్చినవాడు అందులో ఒక్కడూ ఉండడు. పద్యం నాలుగో పాదం చివర రాగం ఎంతసేపు నిలుస్తుంది, హార్మోనియం దాన్ని ఎలా అందుకుంటుంది, అదే పరీక్ష. నెగ్గితే ‘వన్స్‌మోర్’. అప్పుడు శ్రీకృష్ణుడు రాయబారం పక్కనపెట్టి అదే పద్యం మళ్లీ పాడతాడు, దుర్యోధనుడు ఓపిగ్గా నిలబడతాడు. నాటకీయత చెడిపోతుందని విమర్శకులు ఎప్పటినుంచో విసుక్కుంటున్నారు. చెడుతుంది, నిజమే. కానీ శ్రోతకు ఇంత అధికారం ఇచ్చిన రంగస్థలం వెతికినా దొరకదు. హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో జాషువా పద్యాలు వచ్చి చేరాయి, చేరి ఉండిపోయాయి. బలిజేపల్లి వారి నాటకంలో మరొక కవి పద్యాలకు చోటు దక్కిందంటే నటుల ఇష్టం ఎంతో, జనం అడగడం అంత.

సినిమా పాటల రాత్రిలో ఇదే అధికారం గుంపు గొంతుగా మారుతుంది. పల్లవి ఎత్తుకుని గాయకుడు మైకు జనంవైపు తిప్పుతాడు. కచేరీకి వెళ్లే పెద్దమనుషులు దీన్ని తేలిగ్గా చూస్తారు, అనవసరంగా. వేలమంది ఒకే పల్లవిని ఒకే శ్రుతిలో అందుకోవడం చిన్న విషయం కాదు. 1971లో ఘంటసాల అమెరికాలో, ఐరోపాలో పాడినప్పటినుంచి నేటి సంగీత దర్శకుల విదేశీ పర్యటనల దాకా ఊరు విడిచినవాళ్లు టికెట్ కొనేది ఆ ఒక్క కలయిక కోసమే. అసలు చిక్కు మరోచోట ఉంది. వాయిద్యాల్లో చాలా భాగం ముందే రికార్డు చేసిన ట్రాక్ మీద నడిచే షోలో గాయకుడికి కొంచెం ఆగే స్వేచ్ఛ కూడా ఉండదు. జనం ఎంత ఊగినా చరణం తన టైముకే అయిపోతుంది. డ్రమ్ముల మీద, గిటారు మీద మనుషులు నిజంగా వాయించే షోకీ దీనికీ తేడా పట్టాలంటే రెండు పాటలు చాలు.

పెద్ద మైదానంలో కూర్చునే చోటు కూడా ముఖ్యమే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. వేదికకు 100 మీటర్ల దూరంలో ఉన్నవాడికి పాట దాదాపు 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది. తెరమీద పెదవి ముందు, మాట వెనక రావడానికీ, చివరి వరసల చప్పట్లు తాళం తప్పినట్టు వినిపించడానికీ కారణం ఇదే. సౌండ్ ఇంజనీర్ బల్ల వేసుకున్న చోటికి దగ్గర్లో నిలబడితే పాట సమంగా వినిపిస్తుంది, ఎందుకంటే ఆయన సరిచేసేది తన చెవికి వినబడే పాటనే. స్పీకర్ల గోడ ముందు నిలబడితే గుండెకు దెబ్బ తగులుతుంది కానీ మాట తెలియదు. ఇలాంటి వేదికల్లో శబ్దం 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. చెవిలో దూది పెట్టుకుంటే ఒరిగేది తక్కువ, దీనికోసం చేసిన ఇయర్ ప్లగ్గులు మేలు.

జానపదంలో కుర్చీయే అనుమానాస్పదం. బతుకమ్మ దగ్గర చూసేవాడనే పదవి లేదు, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరగాలి. కోలాటంలో కోపు, అంటే ఆట తీరు, మారినప్పుడల్లా కర్రల చప్పుడు మారుతుంది. జడకోలాటంలో పైనుంచి వేలాడే తాళ్లు ఆట నడిచేకొద్దీ జడగా అల్లుకుని, తిరిగి ఆడితే విడిపోతాయి. ఒక్కరు తప్పటడుగు వేసినా చిక్కుపడేది అందరి తాడూ. బుర్రకథలో కథకుడి పక్కన నిలబడే వంతలు ‘తందాన తాన’ అన్నప్పుడు జనమూ అంటారు. ఆ కళకు దేశమంతా గుర్తింపు తెచ్చిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. మధ్యమధ్య జనం ఇచ్చే చదివింపులు పేరుపేరునా మైకులో వినిపిస్తారు. పట్నపు శ్రోతకు అది చిరాకు, కానీ కళాకారుడి బియ్యం అక్కడినుంచే వస్తాయి. అన్నిచోట్లా కలిసి ఆడవచ్చని మాత్రం కాదు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళి వేళ దండారికి నెమలి ఈకల టోపీతో గుస్సాడి ఆడేవాళ్లు మొక్కు తీరుస్తున్నారు, షో చేయడం లేదు. అక్కడ బయటివాడి వంతు పక్కకు నిలబడి, ఫోను జేబులో పెట్టుకోవడం.

డప్పు ఆటకు వెళ్లేవాళ్లు మాత్రం ముందే వెళ్లాలి. చలికో తేమకో వదులైన తోలు మోగదు. గడ్డిమంట వేసి, డప్పును దానిమీద తిప్పుతూ, సిటికెన పుల్లతో తడుతూ, తోలు బిగిసి గొంతు లేచేదాకా కాస్తారు. దరువు పుట్టేది అక్కడే. ఆట ఏడింటికని బోర్డుమీద ఉంటే ఆరున్నరకే చేరుకోండి.