దిగమంటే దిగని సీటు

పామిడి దగ్గర పెన్న ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. అనంతపురం జిల్లాలో సగటు వాన ఏటికి 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఎండాకాలం గాలి లేచిందంటే సన్నటి ఎర్రదుమ్ము మూసిన తలుపు సందుల్లోంచి కూడా ఇంట్లోకి వస్తుంది. ఈ నేల మీద తిరిగే మౌంటెన్ బైకులో ఆ దుమ్ము త్వరగా దెబ్బతీసే భాగాల్లో డ్రాపర్ పోస్ట్ ఒకటి; అంటే హ్యాండిల్ మీది మీట నొక్కితే సీటును దించి లేపే, సీటు కింది గొట్టం. అది చెడితే మీట నొక్కినా సీటు దిగదు. దిగితే మళ్లీ లేవదు.

అది పనిచేయకపోతే కష్టం తొక్కేవాడి ఒంటికే. మిట్ట ఎక్కేటప్పుడు సీటు ఎత్తుగా ఉంటేనే కాలు బాగా సాగి పెడల్ మీద బలం పడుతుంది. రాళ్ల దిగుడులో అదే సీటు అడ్డం. ఒంటిని వెనక్కి, కిందికి దించుకోవడానికి చోటు ఉండదు, ముందు చక్రం ఒక రాయికి తగిలితే మనిషి హ్యాండిల్ మీంచి అవతల పడతాడు. సైకిల్ ఆపకుండానే సీటు దించి లేపే ఏర్పాటు కోసం ఎన్నో ఏళ్లు వెతికారు. 1984లో అమెరికాలో జో బ్రీజ్, జోష్ ఏంజెల్ హైట్‌రైట్ అనే స్ప్రింగు తెచ్చారు. బిగింపు మీట వదులు చేసి ఒంటి బరువుతో సీటు నొక్కితే దిగేది, బరువు తీస్తే స్ప్రింగు లేపేది. 2010లో వచ్చిన రాక్‌షాక్స్ కంపెనీ డ్రాపర్ రెవర్బ్ హ్యాండిల్ మీది బొత్తానికి హైడ్రాలిక్ నూనెను జతచేసింది. 2022 మార్చిలో స్లొవేనియా సైకిలిస్టు మతేయ్ మొహోరిచ్ రోడ్డు సైకిల్‌కే డ్రాపర్ బిగించుకుని, పొజ్జియో కొండ దిగుడులో అందరినీ వెనక్కి నెట్టి మిలాన్–సాన్ రెమో పందెం గెలిచాడు.

ఇంత కొత్త యంత్రం మొరాయిస్తే పెద్ద నగరాల వర్క్‌షాపుకే పంపాలనుకుంటారు. చాలాసార్లు అక్కర్లేదు. దానికి కావలసిన పద్ధతి మన సైకిల్ షాపుల్లో తరతరాలుగా ఉన్నదే: ఓవరాయిలింగ్, అంటే విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి మళ్లీ బిగించడం.

2011 జనాభా లెక్కల నాటికి దేశంలో దాదాపు 45 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. అన్ని సైకిళ్లనూ నడిపించింది రోడ్డు పక్కన రేకుల షెడ్డులో కూర్చునే మేస్త్రీ. హబ్బు విప్పి, గుండ్లు లెక్కపెట్టి కిరసనాయిల్లో వేసి, కప్పులు తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, కోను బిగించి, మళ్లీ పావు మర వెనక్కి తిప్పుతాడు. చక్రం ఊగకూడదు, పట్టేయకూడదు. ఎంత బిగించాలో ఆ వేళ్లకు తెలుసు. డ్రాపర్‌కు మొదట కావలసింది సరిగ్గా ఈ తెలివే, ఎందుకంటే సీటు ఇరుక్కోవడానికి తరచుగా కనిపించే కారణం అతి బిగింపు. పోస్టును ఫ్రేముకు పట్టి ఉంచే క్లాంపు గట్టిగా నొక్కితే పోస్టు బయటి గొట్టం వెంట్రుకవాసి నలిగి, లోపలి గొట్టాన్ని పట్టుకుంటుంది. అందుకే ఏదీ విప్పకముందు క్లాంపును అర మర వదులు చేసి మీట నొక్కి చూడాలి. సీటు హాయిగా దిగిందంటే రోగం దొరికినట్టే.

దిగకపోతే కేబుల్. పోస్టును పైకి లాగి, అడుగున కేబుల్ తగిలించిన చోట విడదీసి, ఆ చిన్న మీటను వేలితో నొక్కాలి. ఇప్పుడు సీటు కదిలితే పోస్టు మంచిదే. తీగ తుప్పుపట్టిందో, దాని తొడుగు ఎక్కడో మడత పడిందో చూసి మార్చడమే. కేబుల్ మరీ లాగి బిగిస్తే సీటు ఎక్కడా నిలవదు, వదులైతే దిగదు.

అప్పటికీ మొండికేస్తే దుమ్ము. పోస్టు బయటి గొట్టం పైనున్న కాలరు చేత్తో తిప్పి పైకి జరిపితే సీలు కింద మట్టీ పాత గ్రీజూ కలిసిన నల్లటి ముద్ద కనిపిస్తుంది. చాలా మోడళ్లలో సీటు పక్కలకు తిరగకుండా ఆపే చిన్న ఇత్తడి పిన్నులు ఉంటాయి. వాటిని ఏ గాడిలోంచి తీస్తే ఆ గాడిలోనే పెట్టాలి. తుడవడానికి పోగులు రాలని మెత్తటి నూలుగుడ్డ కావాలి. బట్టల వ్యాపారానికీ నైటీలకూ పేరుపడ్డ పామిడిలో అలాంటి పీలికలకు కొదవ లేదు.

పాత అలవాటు ఒక్కచోట మానుకోవాలి. కిరసనాయిలు తగిలితే కొన్ని రకాల రబ్బరు సీళ్లు ఉబ్బి ఇంకా బిగుసుకుంటాయి, అందుకని ఇక్కడ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. హబ్బులో నింపే మందపాటి గ్రీజు కూడా వద్దు, సస్పెన్షన్ సీళ్లకు వాడే పల్చటి గ్రీజు పొరలా రాస్తే చాలు. నున్నటి గొట్టాన్ని పట్టకారుతో పట్టుకోకూడదు. ఒక్క గీత పడినా సీలు చిరగొచ్చు. లోపలి గ్యాస్ కార్ట్రిడ్జి జోలికి అసలు పోకూడదు. అందులో గ్యాస్ తీవ్రమైన ఒత్తిడిలో ఉంటుంది, విప్పబోతే గాయమయ్యే ప్రమాదం ఉంది. అది చెడితే మొత్తంగా మార్చుకోవాలి.

అన్నీ బిగించాక సీటును పది ఇరవై సార్లు దించి లేపి, సీలు అంచున బయటికొచ్చిన మిగులు గ్రీజు తుడిచేయాలి. క్లాంపు బిగింపు చివరి పని. అదీ సీటును చేత్తో మెలితిప్పితే జారనంత వరకే.