వర్ణచిత్రములు - వర్ణభేదము

సంస్కృతమున వర్ణశబ్దమునకు రంగు, కులము, అక్షరము అను మూడర్థములు ప్రసిద్ధములు. ఈ మూడర్థములును ఒక్కచోట గూడి పరీక్షకు నిలుచు స్థలము నేడు చలనచిత్రపు తెర. అచ్చట నాయకుని మేనిరంగు ఏది? అతని కులము బయటపడుచున్నదా, మరుగుపడుచున్నదా? అతని కథను వ్రాసిన యక్షరము ఎవరిది? లోకము తక్కువగా చూచిన జనుల జీవితమును తెలుగు తెరకెక్కించిన కొన్ని ప్రయత్నములను ఈ మూడు ప్రశ్నలతో కొలిచి చూచుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము. జాలి వేరు, గౌరవము వేరు. మన చిత్రములు మొదటిదానిని చిరకాలము క్రిందటనే నేర్చినవి. రెండవదానిని ఇప్పుడిప్పుడే నేర్చుచున్నవి.

1938వ సంవత్సరమున గూడవల్లి రామబ్రహ్మముగారు 'మాలపిల్ల' చిత్రమును తీసిరి. గుడిపాటి వెంకటచలముగారి కథ దానికాధారము. మాటలు తాపీ ధర్మారావుగారివి. నాడు హరిజనులనియు నేడు దళితులనియు పిలువబడు జనులకు దేవాలయద్వారములు మూయబడియున్న దినములవి. చెన్నరాజధానిలో ఆలయప్రవేశపు చట్టము మరుసటి సంవత్సరముగాని రాలేదు. అట్టి సమయమున మాలవాడలోని కన్యను నాయికగా నిలుపుట సామాన్యసాహసము కాదు. దానికి నమస్కరించియే విమర్శకు దిగవలెను.

కథ ఎవరి హృదయముచుట్టు తిరుగుచున్నది? నాయిక సంపలత హృదయముచుట్టు కాదు, పూర్వాచారపరాయణులగు సుందరరామశాస్త్రిగారి హృదయముచుట్టు. మంటలలో చిక్కిన యాయన భార్యను హరిజనుడు రక్షించును; ఆయన మనసు కరగును; కథ సుఖాంతమగును. అనగా ఆ వాడవాని మనుష్యత్వము, ప్రాణమొడ్డి ఋజువు చేసికొన్న పిమ్మటగాని యంగీకరింపబడలేదు. మంటలో దూకని హరిజనునికి గుడిలో చోటు లేదా యని చిత్రము ప్రశ్నింపదు. ఇక సంపలత వేషము ధరించిన కాంచనమాలగారు నాటి తెలుగుతెరకు సౌందర్యరాశిగా పేరుపడినవారు. ప్రేక్షకుడు మాలపిల్లను చూచుటకు వచ్చి కాంచనమాలను చూచి పోయెను.

తరువాత నలువది యేండ్లకు, 1977లో, 'ఒక ఊరి కథ' వచ్చినది. వంగదేశీయుడగు మృణాళ్ సేన్ హిందీ రచయిత ప్రేమ్‌చంద్ వ్రాసిన 'కఫన్' కథను తెలుగుపల్లెలో నిలిపెను. మూలకథలోని తండ్రికొడుకులు చర్మకారులు. తండ్రి వెంకయ్య వేషమును కన్నడ నటుడు వాసుదేవరావుగారును, కోడలు నీలమ్మ వేషమును వంగదేశపు నర్తకి మమతా శంకర్‌గారును ధరించిరి. వెంకయ్య కూలికి పోవ నిరాకరించును. కష్టపడినచో లాభము యజమానిదేగాని తనది కాదని యతని సిద్ధాంతము. ఆ సిద్ధాంతమే నిండుచూలాలగు కోడలిని దిక్కులేని చావునకు విడిచిపెట్టును. ఇచ్చటి పేదవాడు ఎవరి ప్రాణమును రక్షింపలేదు, మంచివాడును కాడు. అయినను అతని వాదమును మనము వినక తప్పదు. ఇది 'మాలపిల్ల'కంటె ముందడుగు. కాని తెలుగు కూలివాని కథను చెప్పుటకు కథ యొక భాషనుండియు, దర్శకుడు వేరొక భాషనుండియు, నటుడు మరియొక భాషనుండియు రావలసివచ్చెను. ఆ వాడ తన కథను తాను చెప్పుకొనుట మాత్రము జరుగలేదు.

1988లో బి. నర్సింగరావుగారి 'దాసి' ఈ కొరతను కొంత తీర్చెను. తెలంగాణపు గడీలోని దాసి కమలాక్షికి మాటలు తక్కువ. దొరల వైభవమును ఆమె ఊడ్చు నేలనుండి, ఆమె మోయు పాత్రలనుండి మనము చూతుము. ఆ వేషమునకు అర్చనగారు జాతీయ ఉత్తమనటి పురస్కారము పొందిరి. ఆమె చామనచాయ మొగమును దర్శకుడు తెల్లబరుప యత్నింపలేదు. మౌనముగా నున్న నల్లని మొగముపై అంతసేపు దృష్టి నిలుపవచ్చునని తెలుగుతెర నేర్చినది అప్పుడే.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. 1915లో అమెరికాలో 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' అను చిత్రము వచ్చెను. అందు తెల్లనటులు మొగమునకు మసి పూసికొని నల్లజాతివారిని క్రూరులుగా చూపిరి. దేశమంతయు విరగబడి చూచెను. దీనికి ప్రత్యుత్తర మిచ్చినవారిలో ఆస్కర్ మిషో యొకడు. అతని తండ్రి బానిసగా పుట్టినవాడు. మిషో సేద్యము చేసెను, నవలలు వ్రాసెను, వానిని ఇంటింటికి తిరిగి తానే యమ్ముకొనెను. 1919లో తన నవలనే తాను చిత్రముగా తీసెను. 1920 నాటి అతని 'విదిన్ అవర్ గేట్స్' కథానాయిక యొక నల్లజాతి ఉపాధ్యాయురాలు. పేదపిల్లల బడి మూతపడకుండుటకై ధనము సేకరింప ఉత్తరదేశమునకు పోవును. బడిపంతులు వృత్తిలోనున్న నాకు ఆ కథ పరదేశపుదిగా తోచలేదు.

కాని నల్లవారి స్వతంత్రచిత్రములలో మనము ముఖ్యముగా నేర్వవలసినది ఛార్లెస్ బర్నెట్ 1970 తరువాతి దశకమున తీసిన 'కిల్లర్ ఆఫ్ షీప్' వద్ద. విద్యార్థిగానున్నపుడు, పదివేల డాలర్లకు లోబడిన వ్యయముతో, తానే వ్రాసి, తానే ఛాయాగ్రహణము చేసి, తానే కూర్చిన చిత్రమది. లాస్ ఏంజలీసు నగరములోని వాట్స్ పేటలో స్టాన్ అనువాడు గొఱ్ఱెల కబేలాలో కూలి. అతనికి నిదుర పట్టదు. వేడి తేనీటి గిన్నెను చెక్కిలి కానించుకొని ఆ వెచ్చదనమును తలపోయును. పాత మోటారు యంత్రమొకటి కొని కష్టపడి బండి కెక్కించును. అది జారి వీధిలో పడి పగులును. ఇంతే కథ. తెల్లవారి కరుణకొఱకు అతడు చేతులు చాపలేదు. అతని యలసట అతనిది, అతని మర్యాద అతనిది. సంగీతపు హక్కుల చిక్కుచే ఆ చిత్రము 2007వ సంవత్సరమువరకు ప్రదర్శనశాలలకు సరిగా రాలేదు. అయినను 1990లోనే అమెరికా జాతీయ చలనచిత్రనిధిలో దానికి స్థానము దొరకెను. గౌరవమనగా నిదియే: తక్కువ చేయబడినవానికి మహావీరుడు కానక్కరలేని స్వాతంత్ర్య మిచ్చుట.

ఆ స్వాతంత్ర్యపు జాడ 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో కనబడినది. దర్శకుడు వెంకటేశ్ మహాగారికి అది మొదటి చిత్రము. నిర్మించినవారు అమెరికాలో వైద్యవృత్తిలోనున్న ప్రవీణ పరుచూరిగారు. విశాఖపట్టణములోని కంచరపాలెమునందే తీసిరి. నటులలో పెక్కురు ఆ పేటవారే. నాయకుడు రాజు కచేరీలో బంట్రోతు. ఏబదియేండ్లు సమీపించినను పెండ్లి కాలేదు. చిత్రమున వేర్వేరుగా కనబడు ప్రేమకథలు నాలుగును అతనివేయని తుదకు తెలియును. కులమో, మతమో, తండ్రి పంతమో ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రేమను కబళించినది. అతడు ఎవరిని రక్షింపలేదు, ఎవరికి నుపన్యాసము చేయలేదు. ఒక దోషము చెప్పక తప్పదు. సునీత, భార్గవి, సలీమా అను మువ్వురు స్త్రీలును అతని దుఃఖమును లోతు చేసి కథనుండి తొలగిపోదురు. వారి దుఃఖమునకు చిత్రమున నిలువనీడ లేదు.

2020లో సందీప్ రాజ్‌గారి 'కలర్ ఫొటో' రంగునే ప్రధానవస్తువుగా గ్రహించెను. బందరులో చదువుకొను బీదవాడు, నల్లవాడు, జయకృష్ణ. సుహాస్‌గారు ఆ పాత్రను ఆడంబరము లేక నటించిరి. జాతీయ పురస్కారములలో ఉత్తమ తెలుగుచిత్రమని గౌరవము పొందిన యీ చిత్రమును ఇంటిల్లిపాది చూడదగును. అయినను ఇందు వర్ణద్వేషమునంతయు నాయిక యన్నగారగు పోలీసు ఉద్యోగి తలపై మోపిరి. దుర్మార్గు డొక్కడున్నచో చూచువారందరును సన్మార్గులమని సంతోషించి యింటికి పోవచ్చును. రంగుపై చిన్నచూపు దుర్మార్గుల సొత్తు కాదు; మన వంటయింటిలో, పెండ్లిచూపులలో, మంచివారి నోట మెత్తగా పలుకుచుండునది. దానిని చూపు చిత్రమింకను రావలసియున్నది.

దీనికి నిదర్శనము దూరమున వెదకనక్కరలేదు. మా అనుమసముద్రంపేట దర్గాకు మతభేదము లేక జనులు వత్తురు. అట్టి యూరిలోను పెండ్లిమాటలలో "పిల్ల కొంచెము చామనచాయ" అను మాటవద్ద గొంతులు తగ్గును. బడి నాటకములలో రామవేషము తెల్లని బాలునికి, రాక్షసవేషము నల్లని బాలునికి తలిదండ్రులే నిర్ణయించి పంపుదురు. వాల్మీకి రాముని శ్యామవర్ణునిగా వర్ణించెను; వ్యాసుని పేరే కృష్ణుడు; ద్రౌపదికి కృష్ణ యని నామము. గ్రంథములలో నల్లదనమును పూజించి, గృహములలో దానిని పసుపు సున్నిపిండులతో రుద్ది పోగొట్ట యత్నించు జాతి మనది.

నేను వేసిన మూడు ప్రశ్నలలో రంగును గూర్చినదానికి మన తెర నేడు తలయెత్తి బదులు చెప్పుచున్నది. కులమును గూర్చినదానికి గొణుగుచున్నది. అక్షరము ఎవరిదను మూడవదానికి మిషో, బర్నెట్టులు చెప్పినట్లు బదులు చెప్పవలెనన్నచో వాడలోని బిడ్డ చేతికి కలము ముందు రావలెను, ఛాయాగ్రహణయంత్రము తరువాత రావలెను. ఈ పని చిత్రనిర్మాతలకంటె ముందు బడిది, ఇంటిది. "మా యూరు" అని వ్యాసము వ్రాయుమన్నపుడు, ఆ బిడ్డ వాచకములోని యూరిని వ్రాసి తెచ్చినచో దిద్ది యూరకుండరాదు. నీ వీథి యేది, మీ యమ్మ ఏ పనికి పోవును, మీరు నీరెక్కడ తెచ్చుకొందురు అని యడిగి మరల వ్రాయింపవలెను. అట్లు వ్రాయ నేర్చిన బిడ్డలు ఏనాడైన తెర కెక్కించు కథలో మనము కరుణించుటకు తావుండకపోవచ్చును. కూర్చుండి వినుటకు మాత్రము చాల యుండును.