దాంపత్య ప్రయాణము, సంచారిభావములు: బెంగళూరు నేపథ్యమున ఒక పరిశీలనము

ప్రయాణవర్ణనము మన సాహిత్యమునకు క్రొత్త కాదు, దాంపత్యవర్ణనమును అట్టిదే. కాని ఆలుమగలు ఒకే నగరములో ఒక పేటనుండి మరియొక పేటకు పోవుట, దారిలో విసుగుకొనుట, ఇల్లు చేరి ఆ విసుగునే కథగా చెప్పుకొనుట సాహిత్యవస్తువు కాగలదా యను ప్రశ్న విమర్శకుల దృష్టికి అరుదుగా వచ్చినది. బెంగళూరున కాపురముండు తెలుగువారికి ఇది కేవల శాస్త్రచర్చ కాదు. ఉద్యోగస్థులైన దంపతులు ఒకరితో నొకరు గడుపవలసిన కాలములో ఎంతయో దారిపాలగుచున్నది.

ఈ వస్తువునకు పూర్వులు చూపిన మార్గములను మొదట పరికింతము. రఘువంశము పదుమూడవ సర్గమున రాముడు పుష్పకమునుండి సీతకు సముద్రమును, దండకారణ్యమును చూపుచు అయోధ్యకు మరలును. ఎడబాటున తాను దుఃఖించిన తావులనే ఆమెతో కలిసి చూచుట అచ్చటి రసమునకు మూలము. అయితే అది ఆకాశమార్గము. అడ్డు వచ్చువారు లేరు.

నేలమీది ప్రయాణపు కష్టసుఖములను తెలుగున వివరముగా వ్రాసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయినది. బాటల తీరు, నీటి వసతి, మజిలీలలో దొరకు సామగ్రి ఆయన గ్రంథస్థము చేసెను. అచ్చట బాటసారి కష్టము వెనుక వచ్చువారికి ఉపకరించు సమాచారమైనది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిష్టరు పార్వతీశము’ మొదటి భాగమున అదే కష్టము హాస్యమైనది. కాని పార్వతీశము ఒంటరి బాటసారి. మునిమాణిక్యము నరసింహారావుగారి కాంతము కథలలో ఆలుమగలున్నారు, వారి చతురోక్తులున్నవి. వాని ప్రధానరంగము మాత్రము ఇల్లు. కాంతమును, ఆమె మగనిని పార్వతీశము దారి పట్టించి బస్సెక్కించినచో ఏమగును? బెంగళూరు ఈ ప్రశ్నకు ప్రతిదినము ఉత్తరమిచ్చుచున్నది.

ఇచ్చటి నగర బస్సులలో ముందుభాగపు ఆసనములు స్త్రీలవి. కావున బస్సెక్కగనే దంపతులు విడిపోవుదురు. 2023 జూన్ 11న కర్ణాటకమున శక్తి పథకము ఆరంభమైనది. దానిచే సాధారణ బస్సులలో ఆ రాష్ట్రపు స్త్రీలకు ఉచితప్రయాణము లభించినది. భార్య పైకము లేకయే ముందు కూర్చుండును. భర్త పైకమిచ్చి వెనుక నిలుచుండును. దిగవలసిన తావు వచ్చినదో లేదో జనము నడుమనుండి కనుసైగలతో తెలిసికొందురు. ఆలంకారికులు శృంగారమునకు అనుభావములుగా చెప్పిన చూపులే సిల్కుబోర్డు కూడలిలో దిగుటకు సాధనములగుచున్నవి. దిగిన పిదప సంభాషణ మొదలగును:

“మెట్రోలో పోదామని ముందే చెప్పానా? మీరు వింటేగా!”

“స్టేషను నుంచి ఇంటికి ఆటో బేరం నువ్వాడతావా మరి?”

ఈ రెండు మాటలలో కలహమెంత, చనువెంత? దీనిని తూచుటకు భరతుని శాస్త్రమే చాలును. ఆయన చెప్పిన ముప్పదిమూడు సంచారిభావములలో ఔత్సుక్యము, చింత, శ్రమ, అమర్షము, నిద్ర కలవు. బస్సుకై యెదురుచూచుట ఔత్సుక్యము. వేళకు చేరుదుమా యనునది చింత. నిలుచుండి పోవుట శ్రమ. ఆటోవాడు మీటరు వేయనన్నప్పుడు అమర్షము. ఆసనము దొరకినంతనే నిద్ర. దాంపత్యకథకు స్థాయి రతి. సంచారి వచ్చి, స్థాయిని పోషించి, తొలగిపోవలెను. పై సంభాషణలో ఆమె కోపము క్రింద అతని శ్రమయెడల జాలియు, అతని ఎత్తిపొడుపు క్రింద ఆమె తోడుండవలెనను కోరికయు స్ఫురించినప్పుడే అది రచనయగును. విసుగే స్థాయియై కూర్చుండినచో కథయు చెడును, కాపురమును చెడును.

ప్రయాణపు అవస్థలను గూర్చిన నేటి రచనలలో పలుమారు ఈ లోపమే కనబడును. 2022లో టామ్‌టామ్ సంస్థ లెక్కలలో బెంగళూరు నగరమధ్యమున 10 కిలోమీటర్లు పోవుటకు సగటున 29 నిమిషములకు పైగా పట్టినది. అట్టి అంకె వీరాస్వామయ్య మార్గమునకు చెందినది, ఉపయోగకరమే. కాని గాంధీబజారులో పూలు కొని, దోసె తిని, తీరికగా నడచి రావలెనని బయలుదేరిన దంపతులు ఆ నిమిషములలో ఏమి పోగొట్టుకొనిరో అంకె చెప్పదు. అది చెప్పుట కథకుని పని. మరియొక లోపము కలదు: ఫిర్యాదు చేయువాడు కండక్టరును, ఆటోవానిని ప్రతినాయకులుగా చిత్రించుట. వారును అదే దారిలో, అదే రద్దీలో, మనకన్న ఎక్కువ గంటలు చిక్కినవారు. అన్యభాషాప్రాంతమున బ్రదుకు తెలుగు రచయిత ఈ ఔచిత్యమును మరువరాదు.

2011 అక్టోబరు 20న బయ్యప్పనహళ్లి, మహాత్మాగాంధీరోడ్డుల నడుమ మెట్రో తొలిసారి నడచినది. 2023 అక్టోబరు 9 నాటికి ఆ ఊదామార్గము చల్లఘట్టనుండి వైట్‌ఫీల్డు వరకు పూర్తియైనది. అందు చాలమేర నేలకు పైన వంతెనమీదనే సాగును. అచ్చట ఆలుమగలు ఒకేచోట నిలిచి, క్రింద నగరమును చూడవచ్చును. తాము మునుపు గంటలకొలది చిక్కుకొన్న కూడలిని భర్త భార్యకు చూపి, “ఇక్కడే కదూ నువ్వు నాతో మాట్లాడడం మానేసింది!” అన్నచో, కాళిదాసు మార్గమును, మునిమాణిక్యము మార్గమును ఒక్క వాక్యమున కలిసినట్లే. బెంగళూరు తెలుగు కథకులు ఇట్టి వాక్యములను చెవియొగ్గి విని వ్రాయుదురుగాక.