ముందు తెర, తర్వాతే కార్డు

మా హైదరాబాద్ కోకాపేట టవర్లలో గేమింగ్ పీసీ కట్టించుకునే కుర్రాళ్లు డబ్బంతా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టేస్తారు. మానిటర్ దగ్గరికొచ్చేసరికి మిగిలిందాంతో ఏదో ఒకటి. నన్నడిగితే ఈ వరుస మార్చమంటాను. కార్డుకు ఎంత పని పడాలో చెప్పేది తెరే కదా. ఒక్క ఫ్రేముకు 1080పి తెర మీద సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు గీయాలి. 1440పికి 36.9 లక్షలు, 4కెకి 83 లక్షలు. మధ్యరకం కార్డుకు 4కె తెర తగిలిస్తే అది ఆయాసపడుతుంది. నా ఓటు 27 అంగుళాల 1440పికి, 144 హెర్ట్జ్‌కు తగ్గకుండా.

ఫ్రేములు ఎన్నొచ్చాయన్నదాని కంటే ఎంత సమంగా వచ్చాయన్నదే నాకు ముఖ్యం. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 144లో 6.9. సగటు 120 చూపిస్తున్నా, మధ్యలో ఒక ఫ్రేముకు 50 మిల్లీసెకన్లు పట్టిందంటే సాఫీ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ తగిలినట్టే. అందుకే రివ్యూల్లో సగటును వదిలేసి, అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల లెక్క చూస్తాను. తెర వేగం కార్డు వేగాన్ని అనుసరించే పద్ధతి వచ్చాక చిన్న చిన్న హెచ్చుతగ్గుల బాధ చాలా తగ్గింది. ఎన్విడియా 2013లో జీ-సింక్ ప్రకటించింది, ఏఎండీ ఫ్రీసింక్ ఆ వెనకే వచ్చింది. ఈ సదుపాయం లేని తెర ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు.

పైసా ఖర్చు లేని పనులు ముందు చేయండి. 144 హెర్ట్జ్ తెర కొన్నా విండోస్‌లో అది 60 దగ్గరే ఉండిపోతుంది చాలాసార్లు, మార్చుకోవాలి. కేబుల్ మదర్‌బోర్డుకు కాదు, కార్డుకే పెట్టారా? బయోస్‌లో ర్యామ్‌ను దాని పూర్తి వేగానికి పెట్టారా?

ఇక మన ఊరి సంగతి. ఎకరం వంద కోట్లు దాటిన 2023 నియోపోలిస్ భూముల వేలం జరిగింది మా కోకాపేటలోనే, అందుకే ఎటు చూసినా కట్టడాలే. ఇక్కడ నిర్మాణాల దుమ్ము కిటికీ తీస్తే చాలు, క్యాబినెట్ ఫిల్టర్లోకి చేరిపోతుంది. గాలి ఆడక కార్డు వేడెక్కుతుంది, వేడెక్కితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇది మరీ ఎక్కువ. కొత్త కార్డు గురించి ఆలోచించే ముందు ఫిల్టర్ దులపండి.

మన ఫ్లాట్ల గాజు కిటికీలూ లెక్కలోకి వస్తాయి. పడమటి ఎండ పడే గదిలో మెరిసే ఓఎల్ఈడీ తెర అందం సగం పోతుంది, అక్కడ మ్యాట్ పూత ఉన్న ఐపీఎస్ మేలు. వీఏ తెరల్లో నలుపు చిక్కగా ఉంటుంది కానీ, చీకటి సన్నివేశాల్లో కదలిక వెనక మసక తోక కనిపిస్తుంది. రాత్రిపూట లైట్లార్పి ఆడేవాళ్లకు ఓఎల్ఈడీని మించింది లేదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లినప్పుడు డెమో వీడియోతో సరిపెట్టుకోకండి, ఒక చీకటి గేమ్ పెట్టించి చూడండి.