రుద్రమదేవి చరిత్ర: శాసనము, చలనచిత్రము, డిజిటల్ గ్రంథాలయము

చరిత్రను పాఠ్యగ్రంథములవలననే నేర్చుకొను కాలము గతించినది. నేడు కళాశాలలో చేరు విద్యార్థి కాకతీయులను గూర్చి ఒక్క పుట చదువకమునుపే వారిని చలనచిత్రమునందు చూచియుండును. చేతిలోని సెల్‌ఫోనునందు పది నిమిషముల వీడియోలలో వారి కథ వినియుండును. ఇందులకు వగచి ప్రయోజనము లేదు. పలనాటి వీరుల కథను మన జనులు గ్రంథములు చదివి నేర్వలేదు. వీరవిద్యావంతుల నోట విని నేర్చిరి. బొబ్బిలి కథయు అట్లే బుర్రకథలద్వారా ఊరూర వ్యాపించినది. జనరంజకమైన కళ చరిత్రకు వాహకమగుట మనకు క్రొత్త గాదు. ఆ వాహకము తెచ్చినదానిలో గింజ యేదో, పొల్లు యేదో విద్యార్థి స్వయముగా చెరుగుకొనుటకు మనము నేర్పుచున్నామా యన్నదే విచారింపవలసిన విషయము. ఇందులకు రుద్రమదేవి చరిత్రను ఉదాహరణముగా గ్రహించుచున్నాను.

మన లాక్షణికులు కావ్యవస్తువును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు తెఱగులుగా విభజించిరి. ప్రఖ్యాతవస్తువునకు కవి తన కల్పనను జోడించినచో అది మిశ్రము. ఈ విభాగమునందు కవికి స్వాతంత్ర్యమెంత కలదో పాఠకునకు వివేకమంత యావశ్యకము. భారత రామాయణకథలు ఎఱిగిన పాఠకునకు కవి ఎచ్చట మూలమును వీడెనో తెలియును. ఆ వీడుటలోని ఔచిత్యమే అతనికి రసాస్వాదహేతువు. మూలమునే యెఱుగని ప్రేక్షకునకు మిశ్రమంతయు ప్రఖ్యాతముగనే తోచును. చారిత్రక చలనచిత్రములవలన కలుగు చిక్కు ఇదియే. దోషము కల్పనయందు లేదు. కల్పనకును ఆధారమునకును నడుమ గీటు కానరాకపోవుటయందు కలదు.

గుణశేఖర్ దర్శకత్వమున 2015లో వెలువడిన 'రుద్రమదేవి' చిత్రము ఈ కోవలోనిదే. ఆ చిత్రము చేసిన మేలును ముందు చెప్పుట న్యాయము. పదుమూడవ శతాబ్దమున ఆంధ్రదేశము నేలిన ఒక స్త్రీ పేరు అది లక్షలకొలది ప్రేక్షకుల నోట నిలిపినది. తెలంగాణ ప్రభుత్వము వినోదపుపన్ను మినహాయించి దానిని గౌరవించినది. ఆ పన్ను 2017లో వస్తుసేవల పన్నులో కలిసిపోయినది గాని, ఆ మినహాయింపునందలి భావము గమనింపదగినది. చిత్రమును కేవలవినోదముగా గాక విజ్ఞానముగా ప్రభుత్వమే యంగీకరించినట్లయినది. అట్టిచో దానిని విజ్ఞానమునకు తగిన గీటురాతిపై పరీక్షించుట విమర్శకుని విధి.

చిత్రమునందు కథ మార్కోపోలో నోట ఆరంభమగును. కూతురు పుట్టిన విషయమును గణపతిదేవుడును శివదేవయ్యయు దాచి, ఆమెను కుమారునిగా పెంచుదురు. ఆ రహస్యము బయల్పడుటయే ఇతివృత్తమునకు కీలకము. నాటకీయతకు ఇది చక్కని కల్పన. కాని ఆధారముల సంగతి వేఱు. మోటుపల్లి రాజ్యమును వర్ణించిన మార్కోపోలో అచ్చటి రాణిని న్యాయశీలయనియు శాంతిప్రియయనియు కొనియాడెను. అయినను ఆమెను గతించిన రాజుయొక్క భార్యగా భావించెను. ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్రమునందును ఆమె గణపతిదేవుని భార్యగనే కానవచ్చును. ఈ పొరపాటును దిద్దినవి శాసనములు. 1261 నాటి మల్కాపుర శాసనము ఆమెను గణపతిదేవుని పుత్రికగా స్పష్టముగా పేర్కొనుచున్నది. అనగా, చిత్రము ఎవని సాక్ష్యమును ముందుంచినదో ఆ సాక్షికే ఆమె యెవరి కూతురో తెలియదు.

ఇక పురుషవేషపు సంగతి. శాసనములందు ఆమె 'రుద్రదేవ మహారాజు' అను పురుషనామముతో కానవచ్చుట వాస్తవము. గణపతిదేవుడు కూతునకు రుద్రుడని పురుషనామ మిడెనని విద్యానాథుడు ప్రతాపరుద్రీయమున చెప్పెను. కాని 1261 నాటికే పుత్రికయని రాతిపై చెక్కించిన సంగతి రహస్య మెట్లగును? పురుషనామము సింహాసనమునకు సంబంధించిన బిరుదమువంటిదని, రాజత్వము పురుషలక్షణముగా నెంచబడిన కాలమున ఒక స్త్రీ దానిని బహిరంగముగనే ధరించెనని గ్రహించుట యుక్తము. సింథియా టాల్బట్ తన పరిశోధనమున ఈ విషయమునే విపులముగా చర్చించిరి. దాచి యేలుటకంటె దాచక యేలుట గొప్ప సంగతి. చిత్రము రాణిని ఘనపఱుపబోయి, ఆమె ఘనతలోని ముఖ్యాంశమునే తగ్గించినది.

గోన గన్నారెడ్డి పాత్ర చిత్రమున అందఱను ఆకర్షించినది. ఈ పాత్రకు తెలుగు పాఠకలోకమున ప్రాణము పోసినది అడివి బాపిరాజుగారి నవల. శాసనములందు కానవచ్చు గోన గన్నయ ప్రతాపరుద్రుని కాలపు సేనాని. రాయచూరు కోట నిర్మాణమును తెలుపు 1294 నాటి శాసనము అతనికి సంబంధించినదే. శాసనమునుండి నవలకు, నవలనుండి తెరకు ఒక పేరు నడచివచ్చిన తీరు సాహిత్యవిద్యార్థికి మంచి పాఠము. తెరమీది వీరుని మాత్రమే చూచినవానికి ఈ నడక తెలియదు.

తెరకు రుచించనిది మఱియొకటి కలదు. మల్కాపుర శాసనమున యుద్ధవర్ణనము ప్రధానము గాదు. తండ్రి వాగ్దానము చేసిన మందడమును, దానితోబాటు వెలగపూడిని రుద్రమ విశ్వేశ్వరశంభువున కిచ్చుట, ఆ యాదాయముతో మఠము, సత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అధ్యాపకుల పోషణము జరుగుట అందు చెప్పబడినవి. నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయమున్న వెలగపూడి ఇదియే. బాలింతలకు ఒక శాల నేర్పఱచిన పాలనమును తెరపై చూపుట కష్టము. ఖడ్గమును చూపుట సులభము. చరిత్రను దృశ్యమాధ్యమమువలననే నేర్చిన విద్యార్థి రాజ్యమనగా రణమే యని భావించుటకు ఇది కారణమగుచున్నది.

తెరయందలి లోపమును డిజిటల్ గ్రంథాలయము పూరించునని పలువుర యాశ. ఈ యాశ కొంతవఱకు సఫలమైనది. ఒకప్పుడు పెద్ద గ్రంథాలయములకు పోయిననేగాని చూడ వీలుగాని దక్షిణభారత శాసన సంపుటములు, పాత పత్రికల సంచికలు నేడు పల్లెలోని విద్యార్థికిని అందుబాటులో నున్నవి. భారత డిజిటల్ గ్రంథాలయ ప్రణాళికయందు ప్రతిబింబములుగా నెత్తబడిన తెలుగు పుస్తకములు వేలకొలదిగా ఇంటర్నెట్ ఆర్కైవునందు లభించుచున్నవి. సురవరము ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తెలుగు వికీసోర్సునందు చదువుకొనవచ్చును. ఇది అల్పమైన యుపకారము గాదు.

అయినను ఈ భాండాగారమునకు ఒక వాలు కలదు. మన దేశమున గ్రంథస్వామ్యము రచయిత మరణానంతరము 60 సంవత్సరములు నిలుచును. అందుచే నిరాటంకముగా లభించునవి ప్రధానముగా పాత గ్రంథములు. తరువాతి పరిశోధనలు అంత సులభముగా లభింపవు. రుద్రమ మరణకాలమే ఇందుకు నిదర్శనము. పాత గ్రంథములు ఆమె పాలనము 1295 లేదా 1296 వఱకు సాగెనని చెప్పును. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనమును పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు పరిశీలించిన పిమ్మట ఆ కాలము 1289కి మాఱినది. 1978లో వెలువడిన వారి కాకతీయచరిత్రమును చూడని విద్యార్థి, ఉచితముగా దొరికిన పాత పుస్తకమునుండి 1296ను గ్రహించును. వేఱొకడు వీడియోనుండి 1289ను గ్రహించును. ఇరువురికిని సంవత్సరము తెలియును. ఏల మాఱెనో ఇరువురికిని తెలియదు.

చందుపట్ల శాసనము చెప్పున దేమి? శక 1211 విరోధి సంవత్సరమున, శివలోకమునకు చేరిన కాకతి మహాదేవికిని మల్లికార్జున నాయనికిని పుణ్యముగా పువ్వుల ముమ్మడి దానము చేసెనని. శకాబ్దమునకు 78 కూడిన 1289 వచ్చును. ఆ శాసనము యుద్ధమును వర్ణింపదు, అంబదేవుని పేరెత్తదు. 1290 నాటి త్రిపురాంతక శాసనమున అంబదేవుడు మల్లికార్జునపతి సప్తాంగములను హరించితినని చెప్పుకొనెను. రాణియు సేనానియు ఒక్కచో స్మరింపబడుటను, ఈ ప్రగల్భమును కలిపి చూచి, ఆమె అంబదేవునితోడి పోరున మరణించెనని పండితులు ఊహించిరి. ఊహ బలమైనదే. కాని శాసనోక్తి వేఱు, దానినుండి చేసిన యనుమానము వేఱు. జనప్రియ కథనములు ఈ రెంటిని కలిపి, రణరంగమున నేలకొరిగిన వృద్ధరాణిని కన్నులార చూచినట్లు వర్ణించుచున్నవి.

ఈ సందర్భమున తెలుగుశాఖల బాధ్యత చరిత్రశాఖలకంటె తక్కువ గాదు. శాసనము మొదట ఒక భాషారచన. దానిని చదువుటకు ప్రాచీన లిపి, పదజాలము, విభక్తిరూపములు తెలియవలెను. యంత్రములు అచ్చుపుటలను చదివి అక్షరములుగా మార్చుచున్నను, శాసనపాఠములందలి పాత రూపములను తప్పుగా గ్రహించుట తఱచు. ఒక అంకె తప్పినచో ఒక శతాబ్దమే మాఱును. దానిని పట్టుకొనగలవాడు శాసనభాష నెఱిగిన విద్యార్థియే. శాసనపాఠములను పరీక్షకొఱకు కంఠస్థముచేయించి విడిచిన మనము, ఆ చదువునకు ఇపుడేర్పడిన ప్రయోజనమును గుర్తింపవలసియున్నది.

చేయదగినది కష్టసాధ్యము గాదు. చిత్రములోని ఒక ఘట్టమును తరగతిలో చూపి, దానికి సంబంధించిన శాసనపాఠమును, నవలాభాగమును ప్రక్కప్రక్కన నుంచవలెను. ప్రతి యంశమునకును ఎదురుగా ప్రఖ్యాతము, ఉత్పాద్యము, అనుమానము అని విద్యార్థిచేతనే వ్రాయింపవలెను. అనుమానమైనచో దేనినుండి దేనిని ఊహించిరో చెప్పింపవలెను. ఇట్టి యభ్యాసము చిత్రమునందలి రసమును చెఱచునని కొందఱనవచ్చును. భారతమూలము నెఱిగినవానికి నన్నయ తిక్కనల రచన చప్పబడదు గదా! మూలము నెఱిగిన ప్రేక్షకునకే దర్శకుని కల్పన విలువయు తెలియును.

పాఠ్యప్రణాళికలను సవరించువారు శాసనపఠనమును ఐచ్ఛికవిషయముగా మూలకు త్రోయక, స్నాతకస్థాయియందే కొన్ని పాఠములైనను నిర్బంధముగా చేర్చుట మేలు. ఆరంభమునకు చందుపట్ల శాసనము చాలును. అది చిన్నది, తెలుగున నున్నది, దాని చుట్టును ఇంత వివాదము కలది.